కొరకకూడని పన్ను

జూలై 14, సోమవారం

పన్ను చీలింది. పైవరసలో ముందుది, ఎడమవైపుది. ఊడలేదు, విరగలేదు, నిలువునా చీలింది. దారం కొరుకుతుంటే లోపల ఎక్కడో టిక్కుమంది.

నలభై నాలుగేళ్ళుగా నేను దారాన్ని పళ్ళతోనే తెంపుతున్నాను. కత్తెరతో తెంపితే కొస మిగులుతుంది. పళ్ళతో తెంపితే గుడ్డకి ఆనుకుని తెగుతుంది, వేలితో తడిమినా తెలియదు. ఈ బజారు రెండో అంతస్తు మొత్తంలో ఆ పని ఇంకెవరికీ రాదు. ఎదురు కొట్టు యోంగ్రే కొన్నాళ్ళు ప్రయత్నించి, చేతకాక మెడలో కత్తెర వేలాడేసుకుంది. ఆ కత్తెర నా ఎదురుగా ముప్పై ఏళ్ళుగా ఊగుతోంది.

ఆమెకి చెప్పలేదు. రోజంతా నోరు మూసుకుని కూర్చున్నాను. సాయంత్రానికి ఆగలేక, జ్వరమా అని అడిగింది. నేను మాట్లాడకపోవడం ఆమెకి రోగంలా కనిపించింది కాబోలు.

జూలై 16, బుధవారం

మెట్రో స్టేషన్ పక్కన ఉన్న పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టర్ నమ్ అనే అమ్మాయి చూసింది. ముప్పై అయిదు దాటి ఉండవు. ఎవరినైనా నేను ముందు చేతులే చూస్తాను. గోళ్ళు పొట్టిగా ఉన్నాయి, వేళ్ళలో తొందర లేదు. సరే అనుకున్నాను.

చీలిక వేరు దాకా దిగిందట. పీకాల్సిందే. ఏం కొరికారని అడిగితే ఎముకల పులుసు అన్నాను. దారం అని చెబితే మాట నా పని మీదకి వస్తుంది.

ఆసుపత్రి యజమాని, పెద్ద డాక్టరు కూడా వచ్చి చూశాడు. ముందు పీకేసి, నాలుగు నెలలు ఎముక పూడనిచ్చి, తరవాత ఇంప్లాంట్ వేద్దామన్నాడు. నాలుగు నెలలు! ముందు పన్ను లేకుండా! వచ్చే వారం శుక్రవారం నుంచి అధిక మాసం. దేవతలు కళ్ళు మూసుకునే నెల. పోయేటప్పుడు కట్టుకునే నార బట్టలు ముందుగా కుట్టించుకోవడానికి ముసలివాళ్ళు రెండు మూడేళ్ళు కాచుకుని కూర్చునే నెల. ఆ నెలంతా నేను సందు నోరేసుకుని కూర్చుంటే, యోంగ్రే మాట్లాడక్కర్లేదు, చూస్తే చాలు. కుదరదన్నాను.

డాక్టర్ నమ్ ఎక్స్‌రే మళ్ళీ చూసింది. ముందువైపు ఎముక గోడ పలచనే గాని చెక్కుచెదరలేదంది. పన్ను పీకిన గుంటలోనే, అదే పూట, ఇంప్లాంట్ స్క్రూ దించవచ్చంది. పైన ఒక తాత్కాలిక పన్ను పెడతానంది. పెద్ద డాక్టరు పెదవి విరిచి, అలా చేస్తే బాధ్యత నీదే అన్నాడు.

"నాదేనండీ" అంది.

ఆ మాట అన్న తీరు నాకు నచ్చింది. నేనూ ఆ వయసులో అలాగే అనేదాన్ని.

నాకు మాత్రం ఒక షరతు పెట్టింది. "అమ్మా, ఆ పన్ను చూపుకే. మూడు నెలలపాటు దానితో ఏదీ కొరకకూడదు, అరటిపండు కూడా. స్క్రూకి ఎముక పట్టాలి. కదిలిందంటే పట్టదు."

నాకు చెప్పాలా అన్నాను. గంజి ఆరని గుడ్డ మీద చెయ్యి వెయ్యకూడదని నేను ఎంతమందికి నేర్పలేదు.

జూలై 18, శుక్రవారం

అయిపోయింది.

పీకడం అంటే గుంజడం అనుకున్నాను. ఆ అమ్మాయి గుంజలేదు. సన్నటి పనిముట్టుతో పన్ను చుట్టూ తిరిగింది, తిరిగింది, అది దానంతట అదే వదిలేదాకా తిరిగింది. పాత కుట్టు విప్పేటప్పుడు గుడ్డ చిరగకుండా నేను అలాగే చేస్తాను. తరవాత స్క్రూ దించింది. స్క్రూకీ ముందు గోడకీ మధ్య ఉన్న ఖాళీలో ఎముక పొడి కూరింది. పీకిన గంటన్నరకి నోట్లో మళ్ళీ పన్ను ఉంది. కింది పళ్ళు తగలకుండా దాన్ని కాగితం మందాన పొట్టిగా చేశారు.

కుట్లు వేశాక అద్దం అడిగాను. నర్సు పన్ను చూసుకుంటాననుకుంది. నేను చూసింది కుట్లు. మూడు ఉన్నాయి. దారం నా దారంలో సగం కూడా లేదు. కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం ఒకటే. ముడులు చిన్నవి, బిగువు సరిగ్గా ఉంది, చిగురు ఎక్కడా ముడతపడలేదు.

మీకు ఎవరు నేర్పారని అడిగాను. మత్తు ఇంకా దిగలేదు, మాట సరిగ్గా రాలేదు. అయినా ఆమెకి అర్థమైంది. మా ప్రొఫెసరుగారు, పంది దవడల మీద, అని నవ్వింది. నేను మొదట దుప్పట్ల మీద నేర్చుకున్నాను.

స్క్రూ ఎంత గట్టిగా నిలబడిందో ఒక చిన్న యంత్రంతో కొలిచింది. డెబ్బై రెండు వచ్చింది. బాగా ఉన్నట్టేనట. కొలిచేటప్పుడు ఆమె మొహం చూశాను. చంక కుదిరిన జాకెట్టు పట్టుకున్నప్పుడు నా మొహమూ అలాగే ఉంటుంది.

జూలై 19

కాస్త వాచింది. జావ.

జూలై 20

జావ.

జూలై 25, శుక్రవారం

అధిక మాసం మొదలైంది. పొద్దున ఎనిమిదింటికే ముగ్గురు ముసలమ్మలు మెట్లెక్కి వచ్చారు. కుట్లు నిన్ననే తీశారు. యోంగ్రే నా నోట్లోకి తొంగిచూసి ఏమీ కనిపెట్టలేకపోయింది. కడుపు నిండింది.

ఆర్డర్లు మొత్తం పద్నాలుగు. ఆమెకి తొమ్మిది.

దారానికి కత్తెర వాడుతున్నాను. కొస మిగులుతోంది. మిగిలిన ప్రతి కొసా కంటికి గుచ్చుకుంటోంది.

జూలై 30, బుధవారం

ప్యో అవ్వ వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్ళు. తన చివరి బట్టలు తనే దగ్గరుండి కుట్టించుకుంటోంది. స్టూలు మీద కూర్చుని గంటసేపు నా చేతులకేసే చూసింది. వదులుగా కుట్టు, అక్కడికెళ్ళి లావవుతానేమో అంది. నవ్వలేక చచ్చాను.

ఈ బట్టల్లో దారానికి ముడి ఉండకూడదు. ముడి ఉంటే పోయేవాళ్ళు ఇక్కడే చిక్కుకుపోతారు. అందుకే చివర వెనక్కి రెండు కుట్లు వేసి తెంపాలి. నేను కత్తెర తీసుకోగానే అవ్వ మొహం కాస్త చిన్నబోయింది. మా కాలంలో కుట్టుపనివాళ్ళు దారం పళ్ళతో తెంపేవాళ్ళు, ఇప్పుడు ఆ పనివాళ్ళు ఎక్కడున్నారు, అంది.

చెయ్యి కింద దారం తెగింది. నార దారం అలా తెగుతుంది ఒక్కోసారి, దానంతట అదే.

అవ్వ చాలా సంతోషించింది.

ఆగస్టు 2

నొప్పి ఏమీ లేదు.

ఆగస్టు 6, బుధవారం

ఈ ఏడు నార దారం నాసిరకం. పట్టుకోగానే తెగిపోతోంది. అమ్మినవాణ్ణి అడగాలి.

నొప్పి ఏమీ లేదు.

ఆగస్టు 11, సోమవారం

నాలుకతో తోస్తే పన్ను కాస్త జరిగినట్టు అనిపించింది. అది పన్ను కాదు, చిగురు. చిగురు మెత్తగా ఉంటుంది కదా. నాలుకతో తొయ్యడం మానేశాను.

పదకొండు జతలు అయ్యాయి. యోంగ్రేవి ఆరు.

ఆగస్టు 18, సోమవారం

నెల పరీక్ష. తాత్కాలిక పన్ను విప్పి యంత్రంతో కొలిచింది. మళ్ళీ కొలిచింది. వైపు మార్చి మళ్ళీ కొలిచింది. యాభై మూడు.

ఏదైనా గట్టిది కొరికారా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ జావే తాగుతున్నానన్నాను. అది నిజం. నేను తింటున్నది జావే.

పెద్ద డాక్టరు వచ్చాడు. ఎక్స్‌రే చూశాడు. నా తలవైపు నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడాడు. పడుకున్నవాళ్ళకి చెవులు పనిచెయ్యవని డాక్టర్లందరూ అనుకుంటారు.

"ఆగమని చెప్పాను. ఈవిడ వయసుకి ఆ ఎముకని నమ్మి ఉండకూడదు."

"నా అంచనా తప్పిందండీ" అంది డాక్టర్ నమ్.

ఇంకో మాట కూడా అన్నాడు. ఈ వారం ఆమె చెయ్యాల్సిన ఇద్దరికీ అదే పూట ఇంప్లాంట్ వద్దనీ, పీకి వదిలెయ్యమనీ. ఇకమీదట ఇలాంటివి తనని అడక్కుండా చెయ్యొద్దనీ. సరేనంది. ఆమె చేతులు నా గడ్డం దగ్గరే ఉన్నాయి. వేళ్ళు కదల్లేదు.

వెళ్ళేటప్పుడు నాకు క్షమాపణ చెప్పింది. తల బాగా వంచి మరీ చెప్పింది.

ఆగస్టు 19

ఆమె వయసెంత, అనుభవమెంత? పెద్ద డాక్టరు ముందే చెప్పాడు. ఎముక పలచన అని ఆమే అంది. పలచన అని తెలిసి చేస్తే ఆ పూచీ ఎవరిది? నేనేమన్నా డాక్టర్నా?

జావే తాగాను. ఎవరినైనా అడగమనండి.

ఆగస్టు 20, బుధవారం

పొద్దున్నించీ ఒక పాత సంగతి వదలడం లేదు.

అప్పుడు నాకు ఇరవై అయిదు. ఈ బజారులోనే ఇంకో కొట్లో పనిచేసేదాన్ని. ఒకావిడ పట్టు జాకెట్టు తెచ్చి బల్ల మీద పడేసింది. చంక దగ్గర చిరిగింది. కుట్టు చేతకానిదాన్ని పెట్టుకున్నారు అంది. యజమానురాలు నన్ను నడవ మధ్యలో స్టూలు వేసి కూర్చోబెట్టింది, దారినపోయేవాళ్ళందరూ చూస్తుండగా మళ్ళీ కుట్టమంది. ఆ కుట్టులో తప్పు లేదని నాకు తెలుసు. చిరిగింది కుట్టు దగ్గర కాదు, పక్కన గుడ్డలో. ఎవరో లాగి చింపిన చిరుగు అది. చెప్పాను. ఎవరూ వినలేదు. నెల తరవాత తెలిసింది, ఆవిడ పెళ్ళిలో తప్పతాగి తోటికోడలితో జుట్లు పట్టుకుందట.

ఆ స్టూలు ఎత్తు ఇప్పటికీ గుర్తుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొట్టిది.

అయినా ఆ సంగతికీ దీనికీ పోలిక లేదు. నేను జాకెట్టు తీసుకెళ్ళి ఎవరి బల్ల మీదా పడెయ్యలేదు. అడిగితే జావ అన్నాను, అంతే.

ఆగస్టు 22, శుక్రవారం

ఇవాళ్టితో అధిక మాసం ఆఖరు. పద్నాలుగు జతలూ ఇచ్చేశాను. చివరిది ప్యో అవ్వది. తనే వచ్చింది. మడతలు విప్పి కుట్టు వెంట వేలు పోనిచ్చింది. ఎక్కడా ముడి తగల్లేదు, కొస తగల్లేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు నువ్వు కత్తెర పక్కన పెట్టి దారం కటుక్కున కొరికావు చూడు, అప్పుడే అనుకున్నాను, నా బట్టలు సరైన మనిషి చేతిలో పడ్డాయని. మా కోడలికి కూడా చెప్పాను."

కొరికాను.

దారం దానంతట అది తెగలేదు. నార దారం నాసిరకం కాదు, నా జన్మలో ఇంత మంచి నార చూడలేదు. అవ్వ మొహం చిన్నబోతే చూడలేక కొరికాను. యోంగ్రే అటునుంచి చూస్తోందని కొరికాను. ఆ రోజుతో ఆపలేదు. నొప్పి లేదు కదా అని తరవాత అన్ని జతలకీ కొరికాను. తాత్కాలిక పన్ను పొట్టిది, దారానికి అందదు. అందుకని కింది దవడ ముందుకి చాచి మరీ కొరికాను. ఇది నా పుస్తకం, నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులోనే నాకు నేను అబద్ధం రాసుకున్నాను.

ఆ అమ్మాయి కుట్టు కుదిరింది. పక్కన గుడ్డ చింపింది నేను.

ఆగస్టు 24, ఆదివారం

రేపు వెళ్ళాలి. ఫోనులో చెబితే ఆమె ఒక్కదానికే తెలుస్తుంది. పెద్ద డాక్టరు కూడా వినాలి.

ఆగస్టు 25, సోమవారం

పదింటికి వెళ్ళాను. అపాయింట్‌మెంట్ లేదన్నారు. పెద్ద డాక్టరునీ డాక్టర్ నమ్‌నీ ఇద్దరినీ పిలవమన్నాను. కుదరదన్నారు. కుదిరేదాకా ఇక్కడే ఉంటానని ఎదురుగా నిలబడ్డాను. బెంచీల మీద ఎనిమిదిమంది దాకా ఉన్నారు, అందరూ ఫోన్లు దించి చూశారు. చివరికి ఇద్దరూ వచ్చారు. లోపలికి రమ్మన్నారు. ఇక్కడే చెబుతానన్నాను.

"నా పేరు బే మాల్‌సున్. నలభై నాలుగేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. ఈ డాక్టరమ్మ కొరకొద్దన్న పన్నుతో మూడు వారాలు నార దారం కొరికాను. అడిగితే జావ అని అబద్ధం చెప్పాను. ఈమె పనిలో తప్పు లేదు."

ఇలాంటి చోట మనసు తేలికపడుతుందంటారు. నాకేమీ పడలేదు. మొహం మండింది. అయినా తల దించలేదు, అంత మాత్రం చేశాను.

డాక్టర్ నమ్ చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకోలేదు. లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసి, తిట్టింది. గొంతు పెంచకుండానే తిట్టింది.

"వారం రోజులుగా మీ ఎక్స్‌రే ముందు కూర్చుని నా తప్పు ఎక్కడుందో వెతుకుతున్నానమ్మా. డ్రిల్లు వేగం ఎక్కువైందా, స్క్రూ కోణం తేడా వచ్చిందా అని. ఇద్దరు మనుషులని నా చేతులారా వెనక్కి పంపాను. ఒకాయన బడి పంతులు. ముందు పన్ను లేకుండా పాఠం ఎలా చెప్పనని అడిగారు."

అన్నది అనిపించుకున్నాను.

తరవాత కాస్త తగ్గి, అసలు ఎలా కొరుకుతారో చూపించమంది. దవడ చాచి చూపించాను. తలపట్టుకుంది. అప్పుడు మాత్రం కొంచెం నవ్విందనే అనుకుంటున్నాను.

స్క్రూ పూర్తిగా వదిలెయ్యలేదట. దాని మీద ఏ బరువూ పడకుండా కదలకుండా ఉంచితే ఎముక మళ్ళీ పట్టవచ్చు, పట్టకపోవచ్చు. తాత్కాలిక పన్ను తీసేసి చిన్న మూత పెట్టింది. కనీసం మూడు నెలలు సందే. పెట్టుకుని తీసేసే పన్ను ఉంది గాని అది చిగురుని నొక్కుతుందట, వద్దంటే మంచిదంది. వద్దన్నాను.

ఆగస్టు 26, మంగళవారం

బజారు మెట్ల కింద పెసరట్టు వేసే ఆవిడే మొదట చూసింది. ఆవిడకి చెప్పాను. పైకి వెళ్ళేసరికి యోంగ్రే నిలబడి ఉంది. నా కన్నా ముందే వార్త మెట్లెక్కింది.

"ఏమే, ఎవరా డాక్టరు? నీ పన్ను ఊడబెరికి పంపించిందా? ఈ కాలపు పిల్లలకి కత్తి పట్టుకోవడం కూడా రాదు."

నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆమె నా పక్షాన మాట్లాడింది.

"ఆ పిల్ల కుట్టింది కుట్టినట్టే ఉంది. విప్పుకున్నది నేను. పళ్ళతో" అన్నాను.

యోంగ్రే కొట్లోకి వెళ్ళి ఒక చిన్న కత్తెర తెచ్చింది, కొనలు సన్నవి. గుడ్డకి పక్కవాటుగా ఆనించి కత్తిరిస్తే కొస మిగలదట. ఎలాగో చేసి చూపించింది. నిజంగానే మిగల్లేదు. ఇది ఇన్నాళ్ళూ నాకు ఎందుకు చెప్పలేదన్నాను. నువ్వెప్పుడడిగావు అంది.

సెప్టెంబరు 15

ఇరవై రోజులు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అక్టోబరు 2, గురువారం

పండగ గిరాకీ. కొలతలకి వచ్చిన ఒకావిడ నా సందు చూసి, ఏ ఆసుపత్రో చెప్పండి, పొరపాటున కూడా అటు వెళ్ళను, అంది. నడుం చుట్టూ టేపు పట్టుకుని ఉన్నదాన్ని వదిలేసి లేచి నిలబడ్డాను. మొత్తం చెప్పాను. దారం, నార, దవడ, జావ, అన్నీ. చివరికి ఆసుపత్రి పేరు, డాక్టర్ నమ్ పేరు కాగితం మీద రాసి ఇచ్చాను. ఆవిడకి పై పన్ను ఒకటి నెలల తరబడి నొప్పట.

ఇలా రాసివ్వడం ఇది ఆరోసారి. ఇదివరకు నా కుట్టు గురించి కూడా ఇంతమందికి చెప్పుకోలేదు. నవ్వొస్తోంది.

అక్టోబరు 20

నాలుకతో తొయ్యడం లేదు. తొయ్యాలనిపిస్తోంది. తొయ్యలేదు.

నవంబరు 24, సోమవారం

కుర్చీలో పడుకున్నాను. యంత్రం పెట్టారు. నేను అంకె చూడలేదు, డాక్టర్ నమ్ మొహం చూశాను. కుదిరిన జాకెట్టు!

డెబ్బై అయిదు.

పెద్ద డాక్టరుని తనే పిలిచింది. ఆయన రెండుసార్లు కొలిచాడు. ఇంకా కొలవండి, నాకు తొందరేమీ లేదన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, డాక్టర్ నమ్‌తో అన్నాడు, ఆ పంతులుగారికి కింద పీకాల్సిన పన్ను ఇంకొకటి ఉంది కదా, ఎముక బాగుంటే అదే పూట వేసెయ్యి, నన్ను అడగక్కర్లేదు అని. ఆమె సరేనంది. ఆగస్టులో అన్న సరే కాదు ఇది.

నాకు కళ్ళు నిండాయి. దీపం మొహం మీదే ఉంది, ఎవరూ అడగలేదు.

డిసెంబరు 12, శుక్రవారం

అసలు పన్ను వచ్చింది. చేతికిచ్చి చూడమంది డాక్టర్ నమ్. మొదలు దగ్గర కాస్త పసుపు, అంచు దగ్గర కాస్త పలచన. నా రంగే. ఎవరో కూర్చుని శ్రద్ధగా చేశారు.

పెట్టబోతూ ఆగింది. ఒక ఫోటో చూపించింది, నా ముందు పళ్ళది. పక్కనున్న సొంత పన్ను అంచుమీద చిన్న గాడి ఉంది. నేనెప్పుడూ చూడలేదు. దారం అక్కడే పడుతూ పడుతూ చేసిన గాడి అట. కొత్తది సాఫుగా ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన తేడాగా కనిపిస్తాయంది. పాత పన్ను గాడి పూడ్చనా, లేకపోతే కొత్తదానికీ అలాంటి గాడే పెట్టనా, రెండింటిలో ఏదైనా నిమిషం పని అంది.

ఫోటో కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాను. నలభై నాలుగేళ్ళు ఒక వెంట్రుక మందం గాడిలో ఉన్నాయి.

"ఏదీ వద్దు డాక్టరుగారూ. పాతది నా పని, కొత్తది మీ పని. మీ పనిమీద నా గాటు పెట్టకండి."

ఆమె మాస్కు పైకి లాక్కుని, వంగి పన్ను బిగించడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం బజారుకి వెళ్ళాను. రెండు పళ్ళూ ఒకేలా లేవని యోంగ్రే చూసీ చూడగానే పట్టేసింది. ఉండవు, అన్నాను.